ఏ కాగితం పడుతుందో వీపు చెప్పింది

జూలై నెల. వాన వెలిసిన మధ్యాహ్నం ఆరో తరగతి పిల్లలకు కాగితంతో గెంతే కప్పను మడవడం చూపిస్తున్నాను. వెనక కాళ్ల దగ్గర మడతను గోరుతో గట్టిగా గీస్తేనే ఆ కప్ప గెంతుతుంది. వెనక బెంచీలో ఒక పాపకు సాయం చేస్తూ మడత గీశాను. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ పచ్చిమిరపకాయలు తరిగినట్టు భగ్గుమన్నాయి. ఆ రోజు నేను మిరపకాయ ముట్టుకోలేదు. వేలు వెలుతురులో పెట్టి చూస్తే చర్మం కింద సగ్గుబియ్యం గింజల్లాంటి చిన్న నీటిపొక్కులు నాలుగైదు కనిపించాయి. బెల్లు కొట్టేదాకా చేయి చీర కొంగులో దాచుకుని పాఠం పూర్తిచేశాను.

నా పేరు హేమలత. భిలాయి సెక్టర్ 2 క్వార్టర్లో పుట్టాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయన శ్రీనివాసరావు కూడా ప్లాంటులోనే, రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేస్తారు. మేముండేది సెక్టర్ 6. ఒక ప్రైవేటు స్కూల్లో నేను క్రాఫ్ట్ టీచర్ని. క్రాఫ్ట్ అంటే ముఖ్యంగా ఒరిగామి. కత్తెర, జిగురు లేకుండా ఒక్క కాగితాన్నే మడిచి బొమ్మ చెయ్యడం.

ఒరిగామిలో సగం విద్య కాగితం ఎంచుకోవడంలోనే ఉంది. మరీ పలచనిది విప్పేటప్పుడు చిరుగుతుంది. మందంగా ఉన్నది నాలుగో మడతకే మొండికేస్తుంది. రంగు పైపూత మాత్రమే అయితే మడత మీద తెల్లగా చిట్లుతుంది. ఆ జూన్‌లో రాయ్‌పూర్ హోల్‌సేల్ బజారులో నాకొక కాగితం దొరికింది. ఒకవైపు మెరిసే రంగు, రెండోవైపు తెలుపు. మడత పెడితే కత్తితో గీసినట్టు నిలబడుతుంది, ఎన్నిసార్లు విప్పినా చిట్లదు. ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నది దొరికిందన్నంత సంబరపడ్డాను. జనవరిలో జరిగే స్కూలు ఎగ్జిబిషన్‌కు కూడా సరిపోయేలా కట్టలు కట్టలు తెప్పించాను.

పొక్కులు చూసి మా ఆయన సబ్బును అనుమానించారు.

"గిన్నెలు తోమే పౌడరు పడ్డం నేదు గావాల. అది మానీ. గ్లోవ్స్ తెస్తాను, ఏస్కో."

పౌడరు మానేశాను, గ్లోవ్స్ వేసుకున్నాను. రెండు వారాలైనా తగ్గలేదు. మార్కెట్లో మందుల షాపుకు వెళ్లి చేయి చూపించాను. కౌంటరు దగ్గరున్నతను ఒక్క చూపు చూసి, "దీదీ, దాద్ హై. తీన్ దిన్ మే సాఫ్" అన్నాడు. తామర అట, మూడు రోజుల్లో పోతుందట. ఒక ట్యూబు ఇచ్చాడు. నిజంగానే మూడో రోజుకు మంట పోయింది, అయిదో రోజుకు చర్మం నున్నబడింది. రాయడం ఆపిన వారానికి రెట్టింపయి వచ్చింది. మళ్లీ రాశాను, మళ్లీ తగ్గింది. అలా ఆగస్టు, సెప్టెంబరు గడిచిపోయాయి. ఆ ట్యూబులో గట్టి స్టెరాయిడ్ ఉందని, దాన్ని అలా వాడితే చర్మం పలచబడుతుందని నాకు చెప్పినవాళ్లు లేరు. నేనూ ఎవరినీ అడగలేదు.

సెప్టెంబరు నెలాఖరుకు వేళ్ల కణుపుల దగ్గర చర్మం చీలడం మొదలైంది. పిండి కలిపితే చీలికల్లోకి ఉప్పు దిగి కళ్లలో నీళ్లు తిరిగేవి. మా అమ్మాయి లిఖితకు అప్పుడు పదమూడేళ్లు. ఇక్కడి పిల్లలందరిలాగే తనకు తెలుగు కంటే హిందీయే బాగా వచ్చు. "మమ్మీ, నువ్వు ముట్టుకోకు, మై కర్ లేతీ హూఁ" అని, తనే కలిపేస్తానని పిండి పళ్లెం లాక్కునేది. ప్రేమతోనే అనేది. కానీ 'ముట్టుకోకు' అన్న మాట నాకు వేరేగా వినిపించేది.

ఒక ఉదయం లేచేసరికి కనురెప్పలు వాచి కళ్లు సగమే తెరుచుకున్నాయి. చేతులకు వచ్చింది ముఖానికి ఎలా ఎక్కిందో అర్థంకాక భయపడ్డాను. భిలాయి-3లో ఉన్న అమ్మకు ఫోన్ చేస్తే ఆటోలో పరిగెత్తుకొచ్చింది. నా వేళ్లు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అంది:

"మీ మేనత్తకి కూడా మొదట్లో వేళ్లు ఇలగే పగిలినాయే. తర్వాత పెద్దరోగమని చెప్పినారు. నువ్వు ఎవులికీ చెప్పకు."

పెద్దరోగం అంటే కుష్టు. దానికి ఇప్పుడు మంచి మందులున్నాయనీ పూర్తిగా నయమవుతుందనీ గోడల మీద రాసి ఉంటుంది, నేనూ చదివాను. అయినా ఆ మాట వినగానే అవేవీ గుర్తుకు రాలేదు. ఆ జబ్బులో స్పర్శ పోతుందని ఎక్కడో విన్నాను. అమ్మ వంటింట్లోకి వెళ్లగానే బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని, చీర పిన్ను తీసి, కళ్లు మూసుకుని ప్రతి వేలి చివరా గుచ్చుకున్నాను. పది వేళ్లూ నొప్పి పెట్టాయి. నొప్పి పుట్టినందుకు గోడకు ఆనుకుని ఏడ్చాను.

ఆ వారంలోనే ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచారు. ఆవిడ ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతారు. ఆ రోజు మరీ మర్యాదగా మాట్లాడుతుంటేనే ఏదో ఉందని నాకు అర్థమైంది. ఒక పాప తల్లి ఫిర్యాదు రాసి ఇచ్చిందట. పాప చేతుల మీద దద్దుర్లు వచ్చాయి, క్రాఫ్ట్ టీచర్ నుంచి అంటుకున్నాయి, అని.

"హేమా జీ, నేను నమ్ముతున్నానని కాదు. కానీ అందరు పిల్లల చేతులూ మీరు పట్టుకుని మడత నేర్పుతారు కదా. అంటుకునేది కాదని డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చేదాకా సెలవు పెట్టండి."

స్టాఫ్ రూమ్‌లో నా టీ కప్పు అప్పటికే విడిగా, కిటికీ పక్కన పెట్టి ఉంది. ఎవరు పెట్టారో అడగలేదు. బ్యాగు తీసుకుని వచ్చేశాను.

ఆసుపత్రి ఓపీడీలో మూడు గంటలు కూర్చున్నాను. ఆ రోజున్న డాక్టరు ముందు దూదితో నా వేళ్లను తాకి స్పర్శ చూశారు, మోచేతి దగ్గర నరం తడిమారు. "లెప్రసీ కాదు. హ్యాండ్ ఎగ్జిమా. అంటుకునేది కాదు" అన్నారు. ట్యూబు పేరు చెప్పగానే తల పట్టుకున్నారు. దాన్ని ఆపించి వేరే ఆయింట్‌మెంట్ రాశారు. "నీళ్లలో చేతులు పెట్టకండి. రెస్ట్ ఇవ్వండి."

సర్టిఫికెట్ రాయమంటే, పుండ్లు మానాక రాస్తామన్నారు. దసరా సెలవుల్లో చేతులకు పూర్తిగా విశ్రాంతి ఇచ్చాను. లిఖిత, మా ఆయన వంట చేశారు. పది రోజుల్లో చీలికలు పూడాయి. మందు పనిచేసిందనుకున్నాం. కాగితం ముట్టకపోవడం కూడా ఒక కారణం కావచ్చని ఎవరికీ తట్టలేదు. నాకైతే అసలే తట్టలేదు.

కొంచెం బాగుపడగానే ఎగ్జిబిషన్ గుర్తొచ్చింది. సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా స్కూలుకు వెళ్లలేకపోయినా ఇంట్లో ముక్కలు మడిచి ఉంచితే పిల్లలు అమర్చుకుంటారు కదా అని, ఆ మెరుపు కాగితం కట్ట విప్పాను. ముప్పై ముక్కలు ఒకదానిలో ఒకటి దూరిస్తే ఒక బంతి అవుతుంది. అలాంటి బంతులు ఇరవై అనుకున్నాను. మూడు రోజులు కూర్చుని మడిచాను. నాలుగో రోజు కుడిచేతి వేళ్లు మండాయి, అయిదో రోజుకు పగిలి చీము పట్టాయి. ఆరో రోజు చలిజ్వరం వచ్చింది. మణికట్టు నుంచి మోచేతి వైపు ఎర్రటి గీత ఒకటి పాకుతోంది. మా ఆయన ఏ షిఫ్టు నుంచి వచ్చి ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లారో నాకు సరిగా తెలియదు. ఆయన స్కూటరు మీద వెనక్కి తిరిగి తిరిగి, "లతా, పడుకోకు, మాటాడు, ఏటో ఒకటి మాటాడు" అంటుండడం మాత్రం గుర్తుంది.

సెల్యులైటిస్ అన్నారు. చర్మం కింద ఇన్ఫెక్షన్. అడ్మిట్ చేసి, ఎడమచేతికి మందు ఎక్కించే క్యాన్యులా పెట్టి, అది కదలకుండా ప్లాస్టర్ పట్టీ వేశారు. రెండో రోజుకు జ్వరం దిగింది. కానీ బాగున్న ఆ ఎడమచేతి మీద పట్టీ కింద దురద మొదలైంది. మూడో రోజు నర్సు పట్టీ విప్పేసరికి కింద చర్మం ఎర్రగా ఉబ్బి, పొక్కులు పోసి ఉంది. సూది గుచ్చిన చోట ఏమీ లేదు. పట్టీ అంటుకున్నంత మేరే, స్కేలు పెట్టి గీసినట్టు నలుచదరంగా వచ్చింది.

అప్పుడే చర్మవ్యాధుల డాక్టరు రౌండ్‌కు వచ్చారు. చిన్న వయసావిడ. పుండ్లు పడ్డ నా కుడిచేతిని వదిలేసి ఆ నలుచదరం మచ్చనే చాలాసేపు చూశారు.

"ఇన్ఫెక్షన్ ఇంత స్ట్రెయిట్ లైన్‌లో రాదు. ఇది కాంటాక్ట్ అలర్జీ, చర్మానికి తగిలింది పడక వచ్చేది. మీరు రోజంతా చేతులతో ఏం చేస్తారు?"

"వంట, ఇంటిపని..."

"అది అందరూ చేస్తారు. మీరు ఇంకేం చేస్తారు?"

"కాగితాలు మడుస్తాను మేడమ్."

ఆవిడ నవ్వలేదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఏ కాగితం, రోజుకు ఎంతసేపు, ఏ వేళ్లతో గీస్తారు, మధ్యలో కళ్లు రుద్దుకుంటారా, ఇవన్నీ అడిగారు. కళ్లు రుద్దుకునే అలవాటు నాకుంది. వాచిన కనురెప్పలకు ఆ రోజు కారణం దొరికింది. వెళ్లేముందు అన్నారు: "ప్యాచ్ టెస్ట్ చేద్దాం, వీపు మీద అంటించి ఏది పడదో చూస్తాం. ముందు ఇది తగ్గడానికి కొద్దిరోజులు స్టెరాయిడ్ మాత్రలు రాస్తాను, అవి ఆపాక కొన్ని వారాలు ఆగాలి. అప్పటిదాకా ఏ కాగితమూ ముట్టకండి. వచ్చేటప్పుడు మీరు వాడే ప్రతి కాగితం ముక్కా తీసుకురండి."

ఆ వారాలు చాలా పొడుగ్గా గడిచాయి. కాగితం పడదని తేలితే నాకు మిగిలే పని ఏమిటి? నాకు వేరే చదువు లేదు, వేరే విద్య రాదు. ఇంకో భయం కూడా ఉంది. ఆ మెరుపు కాగితాన్ని ఏరికోరి తెచ్చి రెండు వందల మంది పిల్లల చేతుల్లో పెట్టింది నేనే.

నవంబరులో టెస్ట్. ఎనిమిది రకాల కాగితాలు వెనకాల పేర్లు రాసి కవర్లలో పెట్టుకుని వెళ్లాను. మెరుపు కాగితం, జిరాక్స్ కాగితం, పతంగుల కాగితం, పుస్తకాలకు వేసే బ్రౌన్ అట్ట, చేత్తో చేసిన నూలు కాగితం, న్యూస్‌పేపరు, బటర్ పేపరు, రంగు చార్టు. డాక్టరు నా వీపు మీద చిన్న చిన్న గిన్నెల్లాంటి వాటిలో అలర్జీ తెచ్చే రకరకాల పదార్థాలు నింపి వరసగా అంటించారు. కింద వరసలో నా కాగితాల ముక్కలను తడిపి అంటించారు. ఈసారి నాకు పడే వేరే టేపు వాడారు.

"నలభై ఎనిమిది గంటలు. స్నానం వద్దు, చెమట పట్టే పని వద్దు, గోకొద్దు. ఎంత దురద వచ్చినా సరే."

మొదటి రోజు సాయంత్రానికి కుడిభుజం కింద ఒకచోట నిప్పురవ్వ పడ్డట్టు దురద పుట్టింది. కింద వరసలో కూడా ఒకచోట. ఏ కాగితాన్ని ఎక్కడ అంటించారో వరస నేను మనసులో గుర్తుపెట్టుకున్నాను. అది ఏదో నాకు తెలుసు. తెలిసినా, పక్కదేమో, నేను పొరబడ్డానేమో అని పదేపదే లెక్కపెట్టుకున్నాను. కుర్చీ వీపుకు ఆనకుండా మంచం అంచున కూర్చునే ఉన్నాను. మా ఆయన వెనక నిలబడి విసనకర్రతో విసిరారు.

"సూడమంటావా?"

"వద్దండీ. తీయకూడదన్నారు."

"తియ్యనే. పైనుంచే ఎర్రగా కనబడతంది."

"ఏ వరస?"

ఆయన విసనకర్ర రెండో చేతికి మార్చుకున్నారు. విసరడం మాత్రం ఆపలేదు.

రెండు రోజులకు పట్టీలు తీసి ఒకసారి చూశారు. గీతలు గీసి, మళ్లీ రెండు రోజుల తర్వాత రమ్మన్నారు. ఆ రోజు డాక్టరు కాగితం మీద రాసుకుంటూ నాకు ఒక్కొక్కటే చదివి వినిపించారు.

"కొలొఫనీ. మూడు ప్లస్. చాలా స్ట్రాంగ్." అంటే పైన్ చెట్టు నుంచి కారే జిగురు. కొన్ని కాగితాల్లో సిరా పాకకుండా, నునుపు రావడానికి కలుపుతారట. కొన్ని ప్లాస్టర్ పట్టీల్లోనూ ఉంటుందట. ఏ కాగితంలో ఉందో చూసి చెప్పలేమట.

"మెరుపు కాగితం, రెండు ప్లస్. బ్రౌన్ అట్ట, ఒకటి. చార్టు, అనుమానం." పెన్ను ఆగింది. "జిరాక్స్, నెగెటివ్. పతంగి, నెగెటివ్. నూలు కాగితం, న్యూస్‌పేపరు, బటర్ పేపరు, నెగెటివ్."

అయిదు. నాకు అయిదు మిగిలాయి.

"మేడమ్, మరి పిల్లలు? ఆ కాగితం వాళ్లంతా ముట్టుకున్నారు."

"అది విషం కాదమ్మా. మీ చర్మానికి పడదు, అంతే. లక్షణంగా వాడుకునేవాళ్లే ఎక్కువ."

"ఇది పోతుందా?"

"అలర్జీ పోదు. మీరు దానికి దూరంగా ఉంటే పుండ్లు పోతాయి. కొత్త కాగితం ఏదైనా మొదట నాకు చూపించండి."

అంటుకునేది కాదని సర్టిఫికెట్ ఆ రోజే రాసి ఇచ్చారు. ఇంటికి వచ్చి మెరుపు కాగితం కట్టలన్నీ పక్క వీధి స్కూలు టీచరుకు ఇచ్చేశాం. మా ఆయనే మోసుకెళ్లారు, నన్ను ముట్టనివ్వలేదు.

కథ అక్కడ ముగిసిందనుకున్నాను. ముగియలేదు. పదిహేను రోజులు చేతులు బాగున్నాయి. ఒక సోమవారం పొద్దున్న కళ్లు మళ్లీ మూసుకుపోయాయి. మెడ, చెవుల వెనక ఎర్రబడ్డాయి. కాగితం ముట్టలేదు, పట్టీ వేయలేదు. మరి ఇదెక్కడిది? టెస్ట్ తప్పయిందా? నాకు ఇంకేదో ఉందా? డాక్టరుకు ఫోన్ చేస్తే ఒకటే అడిగారు. "నిన్న ఇంట్లో పొగ వేశారా?"

ముందురోజు అమ్మ వచ్చింది. నాకు దిష్టి తగిలిందని, బజారులో విడిగా అమ్మే ధూపం పొడి తెచ్చి నిప్పుల మీద వేసి, ఆ పొగ నా ముఖం చుట్టూ మూడుసార్లు తిప్పింది. అలాంటి పొడుల్లో కొన్నిటిలో ఈ జిగురే ఉంటుందని డాక్టరు అన్నారు. అమ్మకు చెప్పాల్సి వచ్చింది.

"నాను మంచికని ఏస్తే నీ కళ్లు మూసీసినానేటే?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీకు తెలీదు కదమ్మా. నాకూ తెలీదు" అని దగ్గర కూర్చున్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో దీపం ఒక్కటే వెలుగుతుంది.

డిసెంబరులో స్కూలుకు వెళ్లాను. ప్రిన్సిపాల్ మేడమ్ సర్టిఫికెట్ రెండుసార్లు చదివి, లేచి నిలబడి నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. ఫిర్యాదు చేసిన తల్లి రాలేదు. వాళ్ల పాపవి చెమటకాయలని తర్వాత తెలిసింది. ఆవిడ మీద నాకు కోపం లేదని చెప్పలేను. కానీ నా బిడ్డకు వచ్చి ఉంటే నేనూ అలాగే భయపడేదాన్నేమో.

పిల్లలకు జరిగింది జరిగినట్టు చెప్పాను. నాకు పడే కాగితాలతోనే ఎగ్జిబిషన్ చెయ్యాలన్నాను. పని మళ్లీ మొదటికి వచ్చింది. పతంగుల కాగితం రంగులు బాగుంటాయి గాని దూర్చేటప్పుడు చిరిగిపోతుంది. నూలు కాగితం మందం, పెద్ద బొమ్మలకే పనికొస్తుంది. జిరాక్స్ కాగితం మడత బాగా పడుతుంది, కానీ తెల్లగా ఉంటుంది. ఏడో తరగతి పాప ఒకతి, "మేమ్, తెల్లవే ఎందుకు చెయ్యకూడదు?" అంది. చివరకు బంతులన్నీ తెల్లవే చేశాం. వాటి లోపల మాత్రం పతంగుల కాగితం ఉండలు పెట్టాం. ఎదురుగా వెలుతురు పడితే లోపలి రంగు పైకి కనిపించేది. జనవరిలో వాటి ముందు జనం ఆగి చూస్తుంటే నేను దూరంగా నిలబడి నా వేళ్లు చూసుకున్నాను. చీలికలు లేవు.

రెండేళ్లవుతోంది. చూపుడువేలి చివర చర్మం ఇంకా బిరుసుగానే ఉంటుంది, ఒక గోరు మీద గాడి మిగిలింది. రంగు కాగితం కొత్తది వస్తే ముందు చిన్న ముక్కను డాక్టరు చెప్పిన టేపుతో మోచేతి లోపల రెండు రోజులు అంటించుకుంటాను. మొన్న ఆకుపచ్చది ఒకటి పాసయింది, దాని తోటి పసుపుది ఫెయిలయింది. ఎందుకో నాకు తెలియదు. శనివారాలు ఇంట్లో క్లాసు పెడుతున్నాను. మడత గీయడానికి ఐస్‌క్రీం పుల్ల వాడతాను, పిల్లలకూ అదే అలవాటు చేశాను.

ఇలాంటి జబ్బుతో తిరుగుతున్నవాళ్లకు ఒక్క మాట. డాక్టరు 'ఏమేం వాడతారు' అని అడిగితే మనకు సబ్బు, నూనె గుర్తొస్తాయి. ఇష్టమైన వాటిని మనం అనుమానించం. నేను మూడు నెలలు గిన్నెల పౌడరును తిట్టుకుంటూ ఆ కాగితాన్నే గుండెలకు హత్తుకున్నాను. అందుకని నోటితో చెప్పకండి. పొద్దున లేచింది మొదలు మీ చెయ్యి తగిలిన ప్రతి వస్తువునూ, ముఖ్యంగా మీరు వదులుకోలేరనిపించేదాన్ని, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద కుమ్మరించండి.